లంచ్ టైంలో గేటు బయటకు: పదకొండు, పన్నెండు తరగతుల తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు

హనుమకొండలో నయీంనగర్ దాటాక, కరీంనగర్ రోడ్డుకు కొంచెం లోపలి సందులో ఉంటుంది మా స్కూలు. పన్నెండో తరగతి వరకు ఉంది. పోయిన ఏడాది జూన్ నుంచి పదకొండు, పన్నెండు పిల్లలను మధ్యాహ్న భోజనానికి బయటకు వెళ్లనిస్తున్నాం. ఫిజిక్స్ చెప్పే నాకే ఈ గేటు బాధ్యత కూడా అప్పగించారు. ఏడాదిగా తల్లులు, తండ్రులు, ఒకరిద్దరు తాతలు నన్ను ఫోన్లో, గేటు దగ్గర, చివరికి కూరగాయల మార్కెట్లో కూడా ఆపి అడిగిన ప్రశ్నలివి. పిల్లలు అడిగినవి కూడా కొన్ని కలిపాను. వాళ్లకు నోటితో చెప్పిన జవాబులే ఇక్కడ రాస్తున్నాను.

ఈ అనుమతి ఎవరికి? ఎలా నడుస్తుంది?

పదకొండు, పన్నెండు చదివే పిల్లలకు మాత్రమే. మధ్యాహ్నం 12:40కి బెల్లు కొడతాం, 1:25కి క్లాసు మొదలవుతుంది. ఆ 45 నిమిషాల్లో ఇంటికి వెళ్లి తిని రావచ్చు, లేదా దగ్గర్లోని మెస్‌లోనో టిఫిన్ సెంటర్‌లోనో తినొచ్చు. ఇంట్లో ఒప్పుకుని ఫారం ఇచ్చిన పిల్లల ఐడీ కార్డుకు పచ్చ ట్యాగు కడతాం. వెళ్లేటప్పుడు గేటు రిజిస్టర్లో పేరు, టైము, ఎక్కడికి అనేది రాస్తారు. వచ్చాక దాని ఎదురుగా సంతకం పెడతారు. వాచ్‌మన్‌తో పాటు రోజూ ఒక టీచర్ అక్కడ నిలబడతారు. లోపలే తినాలనుకునే పిల్లలు ఎప్పటిలాగే లోపల తింటారు. బయటకు వెళ్లమని ఎవరూ ఎవరినీ బలవంతం చేయరు.

పదో తరగతి వాళ్లకు ఎందుకు లేదు? మా వాడు పొడుగ్గా ఉంటాడు, తెలివైనవాడు.

ఒక గీత ఎక్కడో ఒకచోట గీయాలి, మేం పదకొండు దగ్గర గీశాం. పొడుగును బట్టి, తెలివిని బట్టి ఒక్కొక్కరికి ఒక్కో రూలు పెడితే గేటు దగ్గర రోజూ పంచాయితీయే అవుతుంది. వచ్చే ఏడాది అతనికీ ఫారం ఇస్తాం.

ఇన్నేళ్లు లేని పద్ధతి ఇప్పుడెందుకు తెచ్చారు? గేటు మూసి ఉంచితే అందరికీ నిశ్చింత కదా?

నేను కూడా చాలా ఏళ్లు ఇలాగే అనుకున్నాను. గేటు మూసి ఉందంటే పిల్లలు లోపలే ఉన్నారనుకునేవాళ్లం.

మా సైకిల్ స్టాండ్ వెనక ప్రహరీ గోడ ఒకచోట తక్కువ ఎత్తులో ఉండేది. దాని పైఅంచు సున్నం రాలిపోయి, ఇటుకలు నున్నగా అరిగిపోయి ఉండేవి. అవి ఎందుకు అరిగాయో మాలో ఒక్కరం కూడా ఆలోచించలేదు. నాలుగేళ్ల కింద ఒక మధ్యాహ్నం పన్నెండో తరగతి పిల్లలిద్దరు ఆ గోడ దుంకి, బయట దాచిపెట్టుకున్న బండి మీద మెయిన్ రోడ్డు ఎక్కారు. మలుపు దగ్గర ఇసుక మీద బండి జారింది. ఒకడికి మోకాలి చిప్ప పగిలింది, ఇంకొకడికి గడ్డం చీరుకుపోయింది. ఆసుపత్రి నుంచి ఎవరో ఫోన్ చేసేదాకా పిల్లలు బడిలో లేరని మాకు తెలియదు. వాళ్లలో ఒకడి అమ్మకు ఫోన్ చేసింది నేనే. "లోపల ఉండాల్సిన పిల్లగాడు రోడ్డు మీదికెట్ల వచ్చిండు సార్?" అని ఆమె అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత గోడ ఎత్తు పెంచాం, పైన గాజుపెంకులు పెట్టాలా అనే చర్చ కూడా వచ్చింది. నేను ఒప్పుకోలేదు. పిల్లల చేతులు కోసుకునే పని బడి చేయకూడదు. అప్పుడే పిల్లలను కూర్చోబెట్టి అడిగాం: ఎందుకు వెళ్తున్నారు? చాలామంది చెప్పింది ఒకటే. పొద్దున ఏడింటికే కట్టిన అన్నం మధ్యాహ్నానికి చల్లబడి, పప్పు పులిసిన వాసన వస్తోంది. కొందరి ఇల్లు ఐదు నిమిషాల నడక, అమ్మ వేడి అన్నం వండి ఉంచుతుంది. కొందరికి పొద్దున కట్టిచ్చేవాళ్లే లేరు, అమ్మానాన్నలు ఇద్దరూ తెల్లవారకముందే పనికి పోతారు.

అన్నం కోసం గోడ దూకే పిల్లవాడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. గేటు దగ్గర పేరు రాసి వెళ్లిన పిల్లవాడు ఎక్కడున్నాడో నాకు తెలుసు, ఎప్పటికి రావాలో తెలుసు, రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో తెలుసు. ఈ పద్ధతి తెచ్చింది అందుకే.

ప్రభుత్వ మధ్యాహ్న భోజనం పన్నెండో తరగతి దాకా ఉండదా?

ఈ విషయం చాలామంది తల్లిదండ్రులకు తెలియదు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. బడుల్లో వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబర్ 28న ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో అది మొదలైంది. ఇప్పుడు పీఎం పోషణ్ అని పిలుస్తున్న కేంద్ర పథకం ఎనిమిదో తరగతి వరకే వర్తిస్తుంది. తొమ్మిది, పది తరగతులకు రాష్ట్రం తన డబ్బుతో పెడుతోంది. పైగా ఇది ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకే, మాలాంటి ప్రైవేటు బడులకు రాదు.

అంటే మండలంలోని జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి దాకా రోజూ వేడి అన్నం, వారంలో గుడ్లు తిన్న పిల్లవాడు పదకొండుకు పట్నం వచ్చేసరికి, ఆ కంచం ఒక్కసారిగా అతని ముందు నుంచి లేచిపోతుంది. ఆకలి ఎక్కువయ్యేది కూడా సరిగ్గా ఆ వయసులోనే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థతో కలిసి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం 16 నుంచి 18 ఏళ్ల అబ్బాయికి రోజుకు సుమారు 3,320 కేలరీలు, అమ్మాయికి 2,500 కేలరీలు కావాలి. ఇంట్లో పెద్దవాళ్లకంటే ఎక్కువ తినాల్సిన వయసు. మా స్కూల్లోనూ హసన్‌పర్తి, ఎల్కతుర్తి వైపు నుంచి బస్సులో వచ్చే పిల్లలున్నారు. పొద్దున ఆరున్నరకు ఇల్లు వదులుతారు. వాళ్లకు మధ్యాహ్నం కడుపునిండా తినే దారి చూపించకుండా మూడింటి దాకా ఫిజిక్స్ చెప్పడం నాకు న్యాయంగా అనిపించదు.

మేం సద్ది కట్టి పంపుతాం. మా పిల్లకు ట్యాగు అవసరమా?

అవసరం లేదు. ఇంటి సద్దిని మించిన భోజనం నయీంనగర్‌లో ఎక్కడా దొరకదు. ఫారం ఇవ్వకపోతే మీ అమ్మాయికి ఎలాంటి ఇబ్బందీ ఉండదు. లోపల షెడ్డులో బల్లలు వేశాం, నీళ్లున్నాయి. స్టీలు డబ్బాలో పెట్టి పంపండి. ఎండాకాలంలో పెరుగన్నం కలిపి పంపేటప్పుడు పాలు ఎక్కువ, తోడు తక్కువ వేస్తే మధ్యాహ్నానికి సరిగ్గా తోడుకుంటుంది.

ఫారం మీద ఎవరు సంతకం పెట్టాలి? మధ్యలో వద్దనుకుంటే?

అమ్మ గానీ నాన్న గానీ, లేదంటే బిడ్డను పెంచుతున్న అమ్మమ్మ, బాబాయి, ఎవరైనా సంరక్షకులు. స్కూలుకు వచ్చి నా ముందు పెట్టాలి. పిల్లల చేతికిచ్చి పంపితే తీసుకోం. సంతకం రానివాళ్లు వేలిముద్ర వేయొచ్చు, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఫారం తెలుగులోనే ఉంటుంది, చదవడం రాకపోతే నేనే చదివి వినిపిస్తాను. ఒకసారి జూన్‌లో, మళ్లీ దసరా సెలవుల తర్వాత కొత్తగా తీసుకుంటాం. మధ్యలో వద్దనుకుంటే ఒక ఫోన్ చాలు, కారణం చెప్పాల్సిన పని లేదు.

మా వాడు బండి మీద ఇంటికి వచ్చి పది నిమిషాల్లో తిని వెళ్తానంటున్నాడు. తప్పేముంది?

ఇదొక్కటే మేం ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోని విషయం. లంచ్‌కు వెళ్లేది కాళ్ల మీద నడిచే. మిగతా అన్నింటి మీదా మాట్లాడుకోవచ్చు, దీని మీద మాట్లాడేది లేదు.

ముందు చట్టం చెబుతాను. 18 ఏళ్లు నిండకుండా మామూలు బండి నడపకూడదు. 16 ఏళ్లకు ఇచ్చే లైసెన్స్ 50 సీసీ దాటని గేర్లు లేని బండికే. ఇప్పుడు మన ఇళ్ల ముందు నిలబడే స్కూటీలు 110, 125 సీసీవి. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే దోషులయ్యేది సంరక్షకులు లేదా బండి యజమాని. వాళ్లకు మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. బండి తాళం ఇచ్చిన ప్రతి నాన్నా ఈ నాలుగు మాటలు ఒకసారి చదువుకోవాలి.

చట్టం పక్కన పెట్టినా, మధ్యాహ్నం ఒంటిగంటకు కరీంనగర్ రోడ్డు మీద నిలబడి చూడండి. ఇసుక లారీలు, గ్రానైట్ బండలు మోసే లారీలు, ఆర్టీసీ బస్సులు, వాటి మధ్యలోంచి దూరే ఆటోలు. 45 నిమిషాల్లో తిరిగి రావాలనే తొందర, వెనక కూర్చున్న ఇద్దరు దోస్తులు, హెల్మెట్ లేని తల. నాలుగేళ్ల కింద జరిగింది ఇదే.

బ్యాటరీ బండి అయితే లైసెన్స్ అక్కర్లేదు కదా అని ఒక అన్నయ్య అడిగారు. గంటకు 25 కిలోమీటర్లు దాటని చిన్న బ్యాటరీ బండ్లకు లైసెన్స్ అక్కర్లేదన్న మాట నిజమే. అయినా మా లంచ్ అనుమతిలో అదీ లేదు. లారీ డ్రైవర్‌కు అద్దంలో అది బ్యాటరీదో పెట్రోలుదో తెలియదు.

సైకిల్ మాత్రం, మెయిన్ రోడ్డు ఎక్కకుండా లోపలి సందుల గుండా ఇంటికి వెళ్లే పిల్లలకు ఒప్పుకున్నాం. ఆ దారి ఫారంలో రాసి ఉండాలి.

ఎంత దూరం వెళ్లొచ్చు?

మెయిన్ రోడ్డు దాటకూడదు. మా వైపున్న సందులు, కాలనీ, అందులోని మెస్‌లు, టిఫిన్ సెంటర్లు, ఇళ్లు. కేయూ క్రాస్ రోడ్స్ దాకా, చౌరస్తా దాకా వెళ్లడం లేదు. వెళ్లి రావడానికి పదిహేను నిమిషాలు, తినడానికి ఇరవై, మిగతాది ఊపిరి పీల్చుకోవడానికి. ఇల్లు రోడ్డుకు అవతల ఉన్న పిల్లలు నలుగురైదుగురు ఉన్నారు. వాళ్లను ఇంటి నుంచి ఎవరైనా వచ్చి తీసుకెళ్లి దింపితే సరే.

అబ్బాయిల సంగతి సరే. అమ్మాయిని మిట్టమధ్యాహ్నం రోడ్డు మీదికి పంపడం ఎట్లా సార్?

అన్నింటికంటే ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే, చాలా కుటుంబాల్లో అమ్మలే అడిగారు. వాళ్ల భయం ఉత్తది కాదు. పొద్దున పేపర్ తెరిస్తే భయపడకుండా ఉండే తల్లి ఎవరు?

అయినా నేను చూసింది చెప్పాలి. మొదటి ఏడాది అబ్బాయిల ఫారాలు వారంలోనే వచ్చేశాయి. అమ్మాయిలవి దసరా దాకా ఒకటొకటిగా వచ్చాయి. ఒకే ఇంట్లో పదకొండు చదివే తమ్ముడికి సంతకం అయింది, పన్నెండు చదివే అక్కకు కాలేదు. వాళ్లిల్లు మా గేటుకు నాలుగు నిమిషాల నడక. తమ్ముడు రోజూ ఇంటికెళ్లి వేడివేడిగా తిని వస్తుంటే, అక్క చల్లారిన డబ్బా తీసి రెండు ముద్దలు తిని మూత పెట్టేసేది. ఆ అమ్మాయి నాకు ఫిర్యాదేమీ చేయలేదు. ఒకరోజు ల్యాబులో కళ్లు తిరిగి బల్ల పట్టుకుని కూర్చుండిపోతే అడిగితే తెలిసింది.

ఆ పిల్ల ఒక్కతే కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో సగానికి పైగా రక్తహీనత ఉంది. వాళ్లకు ఆకుకూర పప్పు, గుడ్డు, వేడి అన్నం అబ్బాయిలకంటే ఎక్కువ అవసరం. నెలసరి రోజుల్లో ఇంటికి వెళ్లి బట్టలు మార్చుకుని, పది నిమిషాలు నడుం వాల్చి రావడం ఎంత పెద్ద ఊరటో నాతో పనిచేసే మేడంలు చెప్పేదాకా నాకు తట్టలేదు.

అందుకే మేం ఇలా చేశాం. మొదటి రోజు అమ్మ, బిడ్డ కలిసి ఆ దారి ఒకసారి నడుస్తారు, మాతో పాటు ఒక మేడం కూడా వస్తారు. ఏ మూల మీద పోకిరీలు నిలబడతారు, ఏ దుకాణం అక్క మాట సాయం చేస్తుంది, కుక్కలు ఎక్కడ గుంపుగా ఉంటాయి, అన్నీ చూసుకుంటారు. అమ్మాయిలైనా అబ్బాయిలైనా ఇద్దరికి తగ్గకుండా కలిసి వెళ్లాలనేది అందరికీ ఒకే రూలు. ఆ అక్క వాళ్లమ్మ కూడా అలా నడిచి చూసిన మర్నాడే సంతకం పెట్టింది.

ఇంకొక విషయం మేం ముందే తేల్చుకున్నాం. ఎవరైనా వెంటపడి ఇబ్బంది పెడితే అమ్మాయిల ట్యాగు తీసేసే పద్ధతి మా దగ్గర లేదు. పోయిన ఆగస్టులో బండి మీద ఇద్దరు రోజూ సందు మూల దగ్గర కాపు కాస్తున్నారని అమ్మాయిలు చెప్పారు. ఆడపిల్లలను వేధించేవాళ్లను పట్టుకునే పోలీసు బృందం షీ టీమ్‌కు మేం చెప్పాం. వాళ్లు మఫ్టీలో వచ్చి రెండు రోజులు నిలబడ్డారు, ఆ బండి మళ్లీ కనబడలేదు. అమ్మాయిలు మానకుండా వెళ్లారు. చెబితే బయటకు పోవడమే ఆపేస్తారని తెలిస్తే ఏ అమ్మాయీ ఏదీ చెప్పదు. అది మాకు అన్నింటికంటే పెద్ద ప్రమాదం. ఇంట్లో కూడా దయచేసి ఇదే పాటించండి: బిడ్డ వచ్చి చెప్పినప్పుడు మొదటి మాట "రేపటి నుంచి వద్దు" అని అనకండి.

బయట ఏవేవో తిని రోగాలు తెచ్చుకుంటే?

వానాకాలంలో ఈ భయం నాకూ ఉంది. పోయిన జులైలో ముగ్గురు పిల్లలు ఒక బండి దగ్గర పానీపూరీ తిని రాత్రంతా వాంతులు చేసుకున్నారు. అప్పటి నుంచి లంచ్‌లో పానీపూరీ, కోసి పెట్టిన పండ్లు, బయటి ఐసు వేసిన జ్యూసు వద్దని గట్టిగా చెబుతున్నాం. పచ్చి నీళ్లతో చేసేవాటి నుంచే టైఫాయిడ్, కామెర్లు ఎక్కువ వస్తాయి. నీళ్ల సీసా ఎవరిది వాళ్లు వెంట తీసుకెళ్లాలి. కళ్ల ముందు వేడిగా దించింది తినాలి. ఇడ్లీ, దోస, మెస్‌లో అన్నం పప్పు, ఎగ్ ఫ్రైడ్‌రైస్ అయినా సరే. పొద్దున వేయించి గాజు పెట్టెలో పెట్టిన సమోసా కంటే అప్పుడే మూకుడులోంచి తీసిన మిర్చి బజ్జీ మేలు.

మయోనైజ్ గురించి కూడా అడుగుతున్నారు. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ చివరిలో ఏడాది పాటు నిషేధించింది. మన వాతావరణంలో అది బయట ఉంటే ఎంత తొందరగా చెడుతుందో ఆ నిర్ణయమే చెబుతుంది. నిషేధం ఉన్నా లేకపోయినా మా పిల్లలకు వద్దనే చెబుతాం.

కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తిండి బడి ఆవరణలోనూ గేటుకు 50 మీటర్లలోపూ పిల్లలకు అమ్మకూడదని దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లో నిబంధనలు తెచ్చింది. మా గేటు ముందు చిప్స్ ప్యాకెట్ల తోరణాలు కట్టిన రెండు డబ్బా కొట్ల వాళ్లతో కూర్చుని మాట్లాడాం. ఒకాయన ఇప్పుడు ఉడికించిన పల్లీలు, అరటిపండ్లు పెడుతున్నాడు. గొడవ పెట్టుకుంటే ఇది జరిగేది కాదు, ఆయన పిల్లలూ ఈ సందులోనే పెరుగుతున్నారు.

సిగరెట్లు, గంజాయి సంగతేంటి?

స్కూలుకు 100 గజాల లోపల పొగాకు అమ్మకూడదు, 18 ఏళ్లలోపు వాళ్లకు ఎక్కడా అమ్మకూడదు. 2003 నాటి చట్టమిది. పిల్లలకు మత్తు పదార్థాలు ఇచ్చినవాళ్లకు బాల న్యాయ చట్టం కింద ఏడేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంది. మా సందులోని దుకాణాలన్నింటికీ స్వయంగా వెళ్లి చెప్పి వచ్చాను. నోట్లో వాసన వస్తే ముందు పిల్లవాడితో ఒక్కడితో మాట్లాడతాం, ఆ తర్వాత ఇంటికి. క్లాసులో నిలబెట్టి పరువు తీయం. గోడ దూకే రోజుల్లోనూ ఇవి ఉన్నాయి, అప్పుడు మాకు వాసన పట్టే అవకాశమే లేదు.

రోజూ డబ్బులివ్వాలంటే మా వల్ల కాదు. మా వాడు చిన్నబుచ్చుకుంటాడేమో?

ఈ ప్రశ్న ఒక్క అమ్మ మాత్రమే అడిగింది, గేటు పక్కకు పిలిచి, మెల్లగా. అడగనివాళ్లు ఇంకా చాలామంది ఉంటారని నాకు తెలుసు.

మొదటి నెలల్లో ఒక అబ్బాయి రోజూ అందరితో పాటు బయటకు వెళ్లేవాడు. వాళ్లు మెస్‌లోకి వెళ్తే ఇతను "ఇంటికి పోయొస్తా" అని ఇంకో సందులోకి తిరిగేవాడు. వాళ్లిల్లు ఆ దరిదాపుల్లోనే లేదు. చెట్టు కింద కాసేపు కూర్చుని, నీళ్లు తాగి, టైముకు గేటు దగ్గరికి వచ్చి రిజిస్టర్లో సంతకం పెట్టేవాడు. ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు. అంత క్రమశిక్షణ గలవాడని మెచ్చుకున్నాను కూడా. సంగతి తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఆ తర్వాత మూడు మార్పులు చేశాం. సద్ది డబ్బా పట్టుకుని కూడా బయటకు వెళ్లొచ్చు, ఇద్దరు మెస్‌వాళ్లు తమ బల్లల మీద డబ్బా తెచ్చుకున్న పిల్లలనూ కూర్చోనిస్తున్నారు. వారంలో రెండు రోజులు, మంగళ, గురువారాలు, అందరూ లోపలే డబ్బాలు పంచుకుని తినే రోజులు, ఆ రోజు గేటు తెరవం. స్టాఫ్ రూమ్‌లో మేం వండించుకునే అన్నంలో నాలుగు ప్లేట్లు ఎక్కువ వండిస్తాం. ఎవరు తింటున్నారో మేం రాసిపెట్టుకోం, ఎవరికీ చెప్పం. తల్లిదండ్రులకు నా విన్నపం ఒకటే: ఇవ్వగలిగినా సరే రోజుకు యాభై రూపాయలకు మించి ఇవ్వకండి.

టైముకు తిరిగి రాకపోతే ఏం చేస్తారు?

1:25 బెల్లు అయ్యాక రిజిస్టర్ చూస్తాం. పది నిమిషాల్లో రాకపోతే ఇంటికి ఫోన్. ఇంకో పది నిమిషాలకు ఒక టీచర్ ఆ పిల్లవాడు రాసిన దారిలో వెతుకుతూ వెళ్తారు. అప్పటికీ జాడ లేకపోతే 100కు ఫోన్ చేస్తాం, ఏమైతుందో చూద్దామని ఆగం. ఇప్పటిదాకా అంత దూరం రాలేదు.

ఆలస్యమైన పిల్లలకు దండన చిన్నదే. మొదటిసారి మాట, రెండోసారి వారం ట్యాగు ఉండదు, మూడోసారి ఆ టర్మ్ అంతా ఉండదు. ఎండలో నిలబెట్టడం, గుంజీలు తీయించడం మా దగ్గర లేదు. నిజమైన కారణం ఉంటే వింటాం. ఒకమ్మాయి తాతయ్యకు ఆయాసం వస్తే 108కు ఫోన్ చేసి, ఆంబులెన్స్ వచ్చేదాకా ఆగి, గంట ఆలస్యంగా వచ్చింది. ఆ రోజు రిజిస్టర్లో ఆలస్యమని రాయలేదు.

బయట ఏమైనా జరిగితే బాధ్యత ఎవరిది? సంతకం పెట్టించుకుని చేతులు దులుపుకుంటారా?

లేదు. మీ సంతకం అంటే "బయటకు వెళ్తున్నట్టు మాకు తెలుసు, ఒప్పుకున్నాం" అని మాత్రమే. గేటు, రిజిస్టర్, టైము, దారి, దుకాణాలతో మాట్లాడటం, రాకపోతే వెతకడం, ఇవన్నీ మా బాధ్యతే. స్కూలు టైములో పిల్లల భద్రతకు యాజమాన్యం జవాబుదారీ అని కేంద్ర విద్యాశాఖ 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. ఏ దెబ్బ తగిలినా ముందు ఆసుపత్రి, తర్వాత ఫోన్, ఆ తర్వాతే ఎవరి తప్పు అనే మాట. ఈ వాక్యం ఫారంలోనే అచ్చు వేయించాం.

వాన, ఎండ, జాతర రోజుల్లో?

నాలా పొంగే వాన పడితే గేటు తెరవం. 2020 ఆగస్టులో, 2023 జులైలో నయీంనగర్ నాలా ఎట్లా పొంగిందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే ఈ అనుమతికే పని ఉండదు. మేడారం జాతర వారంలో ఊరంతా బస్సులు, జీపులే కాబట్టి ఆ రోజుల్లోనూ బంద్.

శుక్రవారం నమాజుకు వెళ్లే పిల్లలకు?

జుమా రోజున 1:25కి తిరిగి రావడం కుదరదని తండ్రులు చెప్పారు. ఫారంలో ఆ మాట రాసిన పిల్లలకు శుక్రవారం 1:50 దాకా టైము ఇస్తాం. ఆ పీరియడ్‌లో కొత్త పాఠం చెప్పకుండా లెక్కలు చేయిస్తాం. రంజాన్ నెలలో ఉపవాసం ఉండే పిల్లలు లంచ్ టైంలో లైబ్రరీలో విశ్రాంతి తీసుకోవచ్చు.

అమెరికాలో పిల్లలు కార్లేసుకుని లంచ్‌కు పోతారట. మనం వాళ్లను చూసి మొదలుపెట్టామా?

లేదు, మా స్కూలు పిల్లలు గోడ దూకి బండి మీద నుంచి పడ్డాక మొదలుపెట్టాం. అక్కడి సంగతి కూడా చదివాను. అక్కడ దీన్ని ఓపెన్ క్యాంపస్ అంటారు. దేశమంతటికీ ఒకే రూలు లేదు, ఏ జిల్లా విద్యా బోర్డు, ఏ స్కూలు ఎలా అనుకుంటే అలా. చాలాచోట్ల పై తరగతులకే ఇస్తారు, ఇంటి సంతకం అడుగుతారు, హాజరు, మార్కులు బాగుండాలనే షరతు పెట్టే స్కూళ్లూ ఉన్నాయి. చాలా రాష్ట్రాల్లో 16 ఏళ్లకే కారు లైసెన్స్ వస్తుంది కాబట్టి లంచ్ టైము యాక్సిడెంట్లే వాళ్ల పెద్ద టెన్షన్. వాళ్ల నుంచి నేను నేర్చుకున్నది బండి వద్దనే మాట మరింత గట్టిగా చెప్పడం. మార్కుల షరతు మాత్రం మాకు వద్దనిపించింది. తక్కువ మార్కులు వచ్చిన పిల్లవాడికీ ఒంటిగంటకు ఆకలేస్తుంది.

సార్, నా ఫ్రెండ్‌కు ఇంట్లో ఒప్పుకోలేదు. ఒక్కరోజు నా ట్యాగు ఇవ్వొచ్చా?

ఇవ్వొద్దు నాన్నా. అతనికి ఏమైనా అయితే రిజిస్టర్లో నీ పేరు ఉంటుంది, మేం మీ ఇంటికి ఫోన్ చేస్తాం, అతనింట్లో ఎవరికీ తెలియదు. అతనికి ఏం తినాలని ఉందో అడిగి, నువ్వు తెచ్చి పెట్టు. పార్సిల్ తేవడానికి రూలేమీ అడ్డం రాదు.

పరీక్షలప్పుడు కూడా ఉంటుందా?

ప్రీఫైనల్స్ మొదలైతే ఆపేస్తాం. ఆ రోజుల్లో పిల్లలు కూడా అడగరు.

ఫారం ఎప్పుడు, ఎక్కడ ఇస్తారు?

స్కూలు తెరిచిన మొదటి వారం, పొద్దున 8:30 నుంచి 9:15 దాకా, సాయంత్రం 4:30 తర్వాత నేను గేటు పక్క గదిలో ఉంటాను. ఆ టైములో పనికి పోయేవాళ్లు ఆదివారం పదింటికి రండి, మొదటి రెండు ఆదివారాలు స్కూలు తీసి ఉంచుతాం. వచ్చేటప్పుడు బిడ్డను వెంట తీసుకురండి. ఇంటి నుంచి గేటు దాకా నడిచి రండి, ఆ దారే ఫారంలో గీయాలి.